పంపుకు 60 అంటే ఎంత? కొత్తగా చేరినవాళ్లతో మన మాటతీరు గురించి

గుర్రంపోడు_తోట
మా నాన్న పోయి ఏడాదైంది. నాలుగెకరాల బత్తాయి, తొమ్మిదేళ్ల చెట్లు, ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. పదకొండేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి వచ్చాను, తోట పని నాకు పూర్తిగా కొత్త. మూడు నెలల కిందట ఈ రైతుల గ్రూపులో చేరితే అందరూ దండాలు పెట్టారు, పూల బొమ్మలు పంపారు. సంతోషమనిపించింది.

తర్వాత మొదటి ప్రశ్న అడిగాను. కాయల మీద తుప్పు పట్టినట్టు గోధుమ రంగు వస్తోంది, ఏం చేయాలి అని ఫోటో పెట్టాను. వచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మంగు."
"మంగే. సల్ఫర్ డబ్ల్యూపీ కొట్టు, పంపుకు 60."
"కత్తెరా, సీజనా?"
"బోరు ఎన్నించులు?"
"హెచ్‌ఓకు చూపియ్."

కత్తెర అంటే కొమ్మలు కత్తిరించేదనుకుని "ఇంట్లో పాతది ఒకటి ఉంది, కొత్తది కొనాలా?" అని అడిగాను. ఎనిమిది మంది నవ్వు బొమ్మలు పెట్టారు. అర్థం మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఇంక అడగడానికి మొహం చెల్లలేదు. సల్ఫర్ డబ్ల్యూపీ అంటే నీళ్లలో కలిపి కొట్టే గంధకం పొడి అట. దుకాణానికి పోయి అది తెచ్చి, నాన్న వాడిన మందు కొట్టే పంపులో 60 గ్రాములు కలిపి, కూలీ దొరికింది మధ్యాహ్నమే కాబట్టి మధ్యాహ్నమే కొట్టించాను. నాలుగో రోజుకు ఆకుల అంచులు మాడిపోయాయి, లేత కాయలు రాలాయి. మొత్తం 40 చెట్లు.

మీరు చెప్పిన పంపు 20 లీటర్లదట. మా నాన్నది 10 లీటర్లది. గంధకం మిట్ట ఎండలో కొట్టకూడదట. ఇవి అందరికీ తెలిసినవే కాబట్టి ఎవరూ రాయలేదట. నాకు తెలియదు కదా. కొత్తవాళ్లు అడిగినప్పుడు కాస్త విప్పి చెప్పలేమా?

దేవరకొండ_బోరు
చదువుతుంటే మనసు కలుక్కుమంది చెల్లె. 40 చెట్లంటే చిన్న మాట కాదు.

మిర్యాల_వరి
బాధ నిజమే, కాదనను. కానీ తప్పంతా గ్రూపు మీద వేస్తే ఒప్పుకోను. మందు సంచి మీద మోతాదు రాసి ఉంటుంది, అది చూసుకోవాలి కదా. మేమేమో ఒడ్డు మీద నిలబడి, బురద చేతులతో, ఒక్క వేలుతో టైపు చేస్తాం. ప్రతిదానికీ పేజీలు రాయమంటే రేపటి నుంచి జవాబు ఇచ్చేవాడే ఉండడు.

కొల్లాపూర్_మామిడి
సంచి మీద అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి అన్నా. పైగా ఆ చెల్లె సంచిని నమ్మలేదు, మనల్ని నమ్మింది.

గుర్రంపోడు_తోట
మిర్యాల అన్నా, సంచి మీద లీటరుకు 3 గ్రాములు అని ఉంది. చూశాను. కానీ ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు 60 అంటున్నారు కదా, మా ప్రాంతానికి అదే సరిపోతుందేమో అనుకున్నాను.

పాలమూరు_బడిపంతులు
నా అనుభవం కూడా చెప్తాను, ఇప్పటిదాకా ఎక్కడా చెప్పుకోలేదు. ఉద్యోగంలో ఉండగానే రెండెకరాల్లో సాత్‌గుడి రకం బత్తాయి అంటు మొక్కలు పెట్టాను. అప్పట్లో ఇలాంటిదే వేరే గ్రూపులో ఉండేవాడిని. మొక్కల ఫోటో పెడితే ఒకాయన "వాటర్ షూట్లు తీసెయ్ సార్" అన్నాడు. వాటర్ అన్నాడు కాబట్టి డ్రిప్పు పైపుల గురించి చెప్తున్నాడనుకుని, లీకులున్న పైపులన్నీ మార్చాను. అంటుకు కింది నుంచి బలంగా పైకి లేస్తున్న కొమ్మలను చూసి, చెట్టు బాగా ఎదుగుతోందని మురిసిపోయాను. వాటికి నీళ్లు ఇంకాస్త ఎక్కువే పెట్టాను.

బత్తాయి అంటులో కింది వేరు రంగపూర్ నిమ్మది, పైన కట్టిన కన్ను సాత్‌గుడిది. అంటు కట్టిన చోటుకు కింద ఏ పిలక వచ్చినా అది నిమ్మ. వెంటనే గిల్లేయకపోతే అదే బలిసి, పైనున్న బత్తాయిని అణచేస్తుంది. నాకు ఇది ఎప్పుడు తెలిసింది? ఐదో ఏట ముప్పైకి పైగా చెట్లకు చిన్న చిన్న నారింజ రంగు కాయలు కాస్తే, కొరికి చూస్తే పళ్లు జివ్వుమన్నప్పుడు. ఐదేళ్లు!

ఆ అన్న చెప్పింది అక్షరాలా నిజం. "అంటు ముడి కింద వచ్చే కొమ్మలు గిల్లెయ్" అని ఉంటే నా ఐదేళ్లు మిగిలేవి.

నకిరేకల్_నిమ్మ
సార్, ఆ కాయలతో పచ్చడి బాగుంటుంది అని రాయబోయి ఆగాను. ఐదేళ్లంటే నవ్వే మాట కాదు.

పాలమూరు_బడిపంతులు
పచ్చడి పెట్టాం తమ్మీ, నిజంగానే బాగుంది. 😊

దేవరకొండ_బోరు
చెల్లె అడిగిన మాటలకు ఇప్పటిదాకా ఎవరం అర్థం చెప్పలేదు. ఇప్పుడన్నా చెప్తాను.

మంగు అంటే కంటికి సరిగా ఆనని నల్లి, కాయ తొక్క మీద రసం పీలుస్తుంది. తొక్క తుప్పు రంగుకు తిరుగుతుంది. లోపల రసం బాగానే ఉంటుంది, కానీ మార్కెట్‌లో రంగు చూసే ధర కడతారు కాబట్టి నష్టపోతాం.

కత్తెర అంటే ఒక కాపు పేరు. బత్తాయి ఏడాదికి రెండు కాపులు పట్టొచ్చు. చలికాలం చివర పూసి, వానలు వెనకబడే వేళకు కోతకు వచ్చేది సీజన్. తొలకరికి పూసి ఎండాకాలంలో కోసేది కత్తెర. ఏ కాపు పట్టావో తెలిస్తే చెట్టు మీద కాయ ఏ దశలో ఉందో అర్థమవుతుంది, అందుకే అడుగుతాం.

బోరు రెండించులు అంటే పైపు సైజు కాదు, లోతు కాదు. బోరు ఎంత నీళ్లు పోస్తుందో చెప్పుకునే మన లెక్క.

హెచ్‌ఓ అంటే ఉద్యాన అధికారి. ఏఈఓ అంటే వ్యవసాయ విస్తరణ అధికారి, రైతువేదికలో దొరుకుతారు. పండ్ల తోట సంగతైతే ముందు ఉద్యాన అధికారినే కలవాలి.

బెట్ట అని కూడా వింటావు. పూతకు ముందు కొన్ని రోజులు నీళ్లు ఆపి చెట్టును వాడబెట్టడం. చెలక నేలలో, అంటే తేలికపాటి ఎర్ర నేలలో తక్కువ రోజులు, నల్లరేగడిలో ఎక్కువ రోజులు. ఎవరైనా "బెట్టకు వదులు" అంటే నీ నేల ఏదో చెప్పకుండా వదలకు, చెట్టే పోతుంది.

గుర్రంపోడు_తోట
అన్నా, మూడు నెలల్లో తెలియనిది రెండు నిమిషాల్లో తెలిసింది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

హాలియా_కాలువ
మాటలు తెలిసినా లెక్కలు వేరైతే ఇంకా ప్రమాదం. మావాళ్లు అటు కోస్తా నుంచి సాగర్ ఎడమ కాలువ కిందకు వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో ఇప్పటికీ సెంట్ల లెక్కే. ఊళ్లో అందరిదీ గుంటల లెక్క. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. గుంట 121 గజాలు, సెంటు 48 గజాల పైచిలుకు. ఎకరం నాటుకు ఐదు సెంట్ల నారుమడి అని మా నాన్న అంటే, కొత్తగా కౌలుకు దిగిన పక్క చేను పిల్లవాడు ఐదు గుంటలు దున్నాడు. ఇక్కడ రెండు గుంటలు అంటారు, అదీ ఐదు సెంట్లూ ఒకటే, 242 గజాలు. పాపం రెండున్నర రెట్లు నారు పోశాడు, విత్తనం ఖర్చు దండగ. ఇద్దరూ తెలుగే మాట్లాడారు.

కొల్లాపూర్_మామిడి
బస్తా కూడా అంతే. మా వడ్ల కొనుగోలు కేంద్రంలో సంచి 40 కిలోలు. మా వియ్యంకుడు కోస్తా వైపు, ఆయనకు బస్తా అంటే 75. ఎకరానికి ఎన్ని బస్తాలు అని మాట్లాడుకున్నప్పుడల్లా గొడవే.

నకిరేకల్_నిమ్మ
నా మొదటి అమ్మకం గుర్తొస్తోంది. వ్యాపారి "తరుగు తెలుసు కదా" అన్నాడు. తెలియదంటే చిన్నతనమని తల ఊపాను. టన్నుకు 80 కిలోలు కోసేసుకున్నాడు. కాయలో తేమ పోతుంది, కుళ్లు ఉంటుంది అని చెప్పి ముందే బరువు తగ్గించుకోవడమే తరుగు అని ఇంటికొచ్చాక తెలిసింది. తల ఊపకుండా ఉండాల్సింది. కానీ కొత్తలో తెలియదని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు.

పుట్టపాక_మగ్గం
నాది మగ్గం పని, తోట మా అన్నది. ఆయన కోసం ఈ గ్రూపులో ఉన్నాను. మా దగ్గర ఒక పద్ధతి ఉంది, చెప్పాలనిపించింది. పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలకు నేను మొదట్లో మాటలతోనే చెప్పేవాణ్ణి. ఆసు, పడుగు, పేక, చిటికి అని. పది నిమిషాల్లో వాళ్ల కళ్లు తేలిపోయేవి. మా అమ్మ చూసి ఊరుకోలేక, ఒక పిల్ల చేతికి దారం ఇచ్చి, ఇంకో దారంతో గట్టిగా చుట్టించింది. రంగులో ముంచి తీసి, కట్టు విప్పించింది. కట్టిన చోట రంగు అంటలేదు. "ఇదే బిడ్డా చిటికి కట్టడం" అన్నది. ఆ పిల్ల ఆ మాట మళ్లీ మరిచిపోలేదు.

అప్పటి నుంచి ముందు వస్తువు చేతికిస్తాను, తర్వాతే పేరు చెప్తాను.

మిర్యాల_వరి
తమ్మీ, ఫోన్‌లో దారం చేతికెట్ల ఇస్తావు?

పుట్టపాక_మగ్గం
ఫోటో ఇవ్వొచ్చు అన్నా. మంగు అని ఒక్క ముక్క రాసే బదులు మంగు పట్టిన కాయ, మంచి కాయ పక్కపక్కన పెట్టి ఒక్క ఫోటో. ఒక్క వేలుతో అయిపోతుంది.

జడ్చర్ల_మేస్త్రి
నేను పదిహేడేళ్లకు గుంపు మేస్త్రి వెంట బొంబాయి పోయినవాణ్ణి. పాలమూరు లేబర్ అంటే తెలియని పెద్ద కట్టడం దేశంలో లేదు. మొదటి రోజు పైనుంచి "మాల్ లావో!" అని కేక. హిందీ రాదు. మాల్ అంటే సామాను అనుకుని గడ్డపార, పార, తట్ట అన్నీ మోసుకుపోయాను. మేస్త్రి తిట్టాడు. మాల్ అంటే ఇసుక, సిమెంటు కలిపిన అడుసు. మా ఊరి ముసలాయన ఒకాయన, నాకేమీ కాడు, ఆ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి ఒక్కో వస్తువూ ముట్టుకుని పేరు చెప్పాడు. రెండు రోజుల్లో పనిలో పడ్డాను. నాతో వచ్చిన ఇంకొకడికి అట్ల చెప్పేవాళ్లు దొరకలేదు. వారానికే వెనక్కి పోయాడు. ఇంటికి పోతే అప్పు ఉందని తెలిసీ పోయాడు. ఆ అవమానం అంత పని చేస్తుంది.

చండూరు_కోడలు
మేస్త్రి అన్న మాట నిజం. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా అత్తగారింట్లో "పెద్ద గిన్నెలో పోయ్" అంటే ఏది పెద్ద గిన్నో నాకు తెలియదు, మూడు ఉన్నాయి. అడిగితే ఆడబిడ్డలు నవ్వారు. ఆ నవ్వులో చెడు లేదు, ఇప్పుడు వాళ్లంటే నాకు ప్రాణం. కానీ ఆ రోజు వెనకింట్లోకి పోయి ఏడ్చాను. గుర్రంపోడు చెల్లెకు నవ్వు బొమ్మ పెట్టిన ఎనిమిది మందిలో నేనూ ఉన్నాను. కత్తెర మాట ముద్దుగా అనిపించి పెట్టాను. ఆమె ఎట్ల తీసుకుంటుందో ఆలోచించలేదు. తప్పయింది చెల్లె.

గుర్రంపోడు_తోట
అయ్యో అక్కా, అంత మాట వద్దు.

నల్లగొండ_నిర్వాహకుడు
అన్నీ చదివాను. మాటల పట్టిక ఒకటి తయారు చేస్తాను, కత్తెర, బెట్ట, తరుగు, అంటు ఇట్ల ఒక అరవై మాటలు. కొత్తగా చేరగానే అది పంపుదాం. అందరికీ సమ్మతమేనా?

మిర్యాల_వరి
ఇది మంచి పని. పట్టిక ఉంటే మా మీద భారం ఉండదు.

దేవరకొండ_బోరు
పెట్టండి, కానీ అరవై మాటలు ఎవరు చదువుతారు? అవసరం పడిన రోజు అవసరం పడిన మాటకు అక్కడే అర్థం చెప్పాలి. "మంగు, అంటే తొక్క మీద నల్లి" అని నాలుగు ముక్కలు. పట్టిక ఉంది కదా అని ఆ నాలుగు ముక్కలు కూడా మానేస్తామేమోనని నా భయం.

పాలమూరు_బడిపంతులు
ఇంకోటి కూడా చూడండి. పట్టికలో ఇంగ్లీషు తీసేసి పుస్తకాల తెలుగు పెడితే మళ్లీ మొదటికి వస్తాం. మైక్రోన్యూట్రియెంట్లు అన్నా అర్థం కాదు, సూక్ష్మధాతు పోషకాలు అన్నా అర్థం కాదు. "జింకు, ఇనుము, మాంగనీసు లాంటివి, చెట్టుకు కొంచెమే కావాలి, కానీ లేకపోతే ఆకు పసుపు తిరుగుతుంది" అంటే అర్థమవుతుంది. అట్లని కత్తెర, బెట్ట లాంటి మాటలను తీసెయ్యమని నేను అనను. అవి మన తాతల మాటలు, వాటిని కొత్తవాళ్లకు అందించాలి. నాకు చిరాకు తెప్పించేవి డబ్ల్యూపీ, హెచ్‌ఓ, ఇంకా ఏ లెక్కో చెప్పని అంకెలు.

అచ్చంపేట_పల్లీ
అంకెల మాటకు వంద దండాలు సార్. మందు డబ్బా మీది త్రికోణం సంగతి కూడా. మా దగ్గర "ఎర్రది కొట్టు" అంటారు. త్రికోణం ఎర్రగా ఉంటే అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. కొత్తగా వచ్చినవాడికి ఎర్రది అంటే డబ్బా రంగు. మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా కొట్టేవాళ్లను చూశాను.

మల్లేపల్లి_తోట
పంపుకు 60 అని రాసింది నేనే.

పొద్దున్నుంచి ఇది చదువుతున్నాను, ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను. ఆ రోజు పెళ్లికి పోతూ బస్సులో ఉన్నాను. ఫోటో చూడగానే మంగు అని తెలిసింది, సాయం చేద్దామనే రాశాను. నా పంపు 20 లీటర్లది, పదేళ్లుగా అదే. పంపు అంటే నా కళ్ల ముందు అదే కనిపిస్తుంది, ఇంకో పంపు ఉంటుందనే తట్టలేదు. ఎండలో కొట్టొద్దని చెప్పాలనీ తట్టలేదు, ఎందుకంటే నేను ఎప్పుడూ పొద్దు గుంకే వేళే కొడతాను.

మిర్యాల అన్న నా తరఫున మాట్లాడినట్టుంది, కానీ సంచి చూసుకోవాలి అనే మాట నాకు తృప్తినివ్వలేదు. "లీటరుకు 3 గ్రాములు, పొద్దు గుంకినాక" అని రాసి ఉంటే నాకు పది అక్షరాలు ఎక్కువ అయ్యేవి.

చెల్లె, వచ్చే ఆదివారం గుర్రంపోడు వస్తాను. చెట్లు చూస్తాను. ఒక్క మాట ఇప్పుడే చెప్తున్నా, గంధకం కొట్టిన తోటలో వెంటనే నూనె మందులు కొట్టొద్దు, మళ్లీ మాడతాయి. మాడిన చెట్లకు నీళ్లు మాత్రం తప్పకుండా పెట్టు, కొమ్మలు అప్పుడే నరకకు.

గుర్రంపోడు_తోట
అన్నా, ఏం కొట్టాలో చెప్పింది మీరే. చాలామంది చూసి ఊరుకున్నారు, మీరు జవాబిచ్చారు. అది నేను మరిచిపోలేదు. ఆదివారం తప్పకుండా రండి, అమ్మ కూడా రమ్మంటోంది. ఈ రోజు చూస్తే పదిహేను చెట్ల దాకా కొత్త చిగురు కనిపిస్తోంది.

దేవరకొండ_బోరు
చిగురు వచ్చిందంటే చెట్టు తట్టుకున్నట్టే. కాయ పోయినా చెట్టు మిగిలింది.

మిర్యాల_వరి
మల్లేపల్లి అన్న రాసినాక నేను వాదించను. ఒక్కటి మాత్రం అడుగుతున్నా. మాలో మేము మాట్లాడుకునేటప్పుడు పొట్టి మాటలు వద్దనకండి, అట్లనే అలవాటు. కొత్తవాళ్లు అడిగిన దాని కింద మాత్రం లీటర్లు, గ్రాములు, వేళ రాస్తాను.

నకిరేకల్_నిమ్మ
ఎవరు కొత్తో ఎట్ల తెలుస్తుంది? పేరు పక్కన రాసి ఉండదు కదా.

చండూరు_కోడలు
తెలియకపోతే కొత్తవాళ్లే అనుకుని చెప్తే సరి. తెలిసినవాళ్లు చదువుకుని ముందుకు పోతారు, వాళ్లకు పోయేదేమీ లేదు.

నల్లగొండ_నిర్వాహకుడు
పట్టిక అరవై కాదు, పన్నెండు మాటలతో మొదలుపెడుతున్నా, ప్రతిదానికీ ఫోటోతో. ఫోటోలు పంపండి. అర్ధరాత్రి సందేహం వచ్చినా, మేం ఎవరం దొరక్కపోయినా కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 రాసి పెట్టుకోండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా.

జడ్చర్ల_మేస్త్రి
అర్ధరాత్రి అని, పది దాకా అంటావేంది అన్నా?

నల్లగొండ_నిర్వాహకుడు
నిజమే, తొందరలో రాశాను. రాత్రి 10 లోపల చేయండి.

మునుగోడు_కొత్త
నేను నిన్ననే చేరాను. ఇదంతా చదివాక అడగొచ్చు అనిపించింది. మూడెకరాల బత్తాయి, రెండేళ్ల మొక్కలు. లేత ఆకులు మెలితిరిగి, లోపల తెల్లని గీతలు పాము పాకినట్టు ఉన్నాయి. ఇది కూడా మంగేనా?

మల్లేపల్లి_తోట
కాదు తమ్మీ. మంగు ఎక్కువగా కాయ మీద కనిపిస్తుంది. నువ్వు చెప్పింది ఆకుముడత పురుగులా ఉంది, అంటే లేత ఆకు పొరల మధ్య దూరి సొరంగం తవ్వుతూ తినే చిన్న పురుగు. ఆ తెల్ల గీతలు దాని దారి. కొత్త చిగురు వచ్చినప్పుడే ఎక్కువ. ముందు ఆకు ఫోటో ఒకటి దగ్గరగా తీసి పెట్టు. మందు సంగతి తర్వాత చెప్తాను. నీ పంపు ఎన్ని లీటర్లది?

మునుగోడు_కొత్త
పక్కన 16 అని రాసి ఉంది.

మల్లేపల్లి_తోట
సరే, 16 లీటర్లు. ఫోటో పెట్టు.